మిడత వృషణం స్లైడులో ముదురు కేంద్రకాలు: డీఎన్ఏ పెరిగిందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థిని, కావలి

సభ్యులకు నమస్కారం. ప్రాక్టికల్స్ కోసం మా ఊరి పొలంగట్ల మీది జిల్లేడు చెట్ల నుంచి మగ మిడతలను తెచ్చి, వాటి వృషణ పుటికలను (వృషణంలోని సన్నని గొట్టాలను) ఎసిటిక్ ఆల్కహాల్‌లో ఉంచి, ఎసిటో కార్మిన్‌తో రంగు పట్టించి స్క్వాష్ స్లైడులు చేశాము. ఒకే పుటికలో ఒకచోట గుండ్రని లేత కేంద్రకాలు, మరొకచోట సన్నగా సాగి, దాదాపు నల్లబడేంత ఎర్రగా ఉన్న కేంద్రకాలు కట్టలు కట్టలుగా కనిపించాయి. రెండూ క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజన) ముగిసిన తరువాతి దశలే. ఆ తరువాత డీఎన్ఏ పెరగదు కదా, మరి రంగు అంతగా ఎందుకు ముదురుతుంది? విభజనకు ముందున్న కణాల్లో కూడా కేంద్రకం అంచున ఒక ముదురు ముద్ద ఉంది. ఈ మార్పు అక్కడే మొదలవుతుందా?

జవాబు: జంతుశాస్త్ర అధ్యాపకుడు, ఒంగోలు

అమ్మా, ముద్ద సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దానికీ మీ మొదటి ప్రశ్నకూ సంబంధం లేదు. అది ఎక్స్ క్రోమోజోము. మగ మిడతలో వై క్రోమోజోము ఉండదు. జతలేని ఆ ఎక్స్, మొదటి విభజన ప్రథమదశలో తక్కినవాటికన్నా ముందే గట్టిగా చుట్టుకొని విడిగా కనిపిస్తుంది. 1902లో మెక్‌క్లంగ్ అనే అమెరికా శాస్త్రవేత్త దానికి లింగ నిర్ణయంతో ముడి ఉందని చెప్పింది మిడతల కణాలను చూసిన తరువాతే. జిల్లేడు మిడత మగదానిలో 19 క్రోమోజోములు ఉంటాయి కనుక విభజన ముగిశాక సగం కణాలకు 10, సగానికి 9 చేరతాయి.

ఇక అసలు విషయం. డీఎన్ఏ రవ్వంత కూడా పెరగదు. అది ఇమిడే చోటు తగ్గుతుంది. గుండ్రని స్పర్మాటిడ్ (శుక్రకణంగా మారబోయే కణం) కేంద్రకంలో డీఎన్ఏ హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకొని వదులుగా ఉంటుంది. కేంద్రకం సాగే దశలో ఆ హిస్టోన్లు క్రమంగా తొలగి, వాటి స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉన్న ప్రోటీన్లు వచ్చి చేరతాయి. ఆర్జినిన్‌కు ధనావేశం, డీఎన్ఏకు ఋణావేశం ఉన్నందువల్ల పోగులు ఒకదానికొకటి వికర్షించుకోవడం మాని దగ్గరగా పేరుకుంటాయి. దీన్ని బాగా పరిశీలించింది పండు ఈగ డ్రోసోఫిలాలో: హిస్టోన్లు వెళ్లిపోయాక కొద్దికాలం మధ్యంతర ప్రోటీన్లు ఉండి, ఆపైన ప్రోటమిన్ల (ఆర్జినిన్ దండిగా ఉండే చిన్న ప్రోటీన్ల) వంటివి స్థిరపడతాయి, అంతా పూర్తయ్యేసరికి కేంద్రకం ఘనపరిమాణం సుమారు 200 రెట్లు తగ్గుతుంది. అంతే డీఎన్ఏ అంత చిన్న జాగాలోకి వస్తే మైక్రోస్కోపులో ముదురుగా కనిపించక తప్పదు. సూది ఆకారానికి మాత్రం ఈ ప్రోటీన్లొక్కటే కారణం కాదు, కేంద్రకం పొర వెలుపల వరుసగా అమరే సూక్ష్మనాళికలకూ అందులో పాత్ర ఉంది.

రంగు ముదురును చూసి డీఎన్ఏ ఎంతుందో చెప్పడానికి ఎసిటో కార్మిన్ పనికిరాదు. అందుకు డీఎన్ఏకు మాత్రమే రంగు పట్టించే ఫాయిల్గెన్ పద్ధతి కావాలి. అందులో కూడా గట్టిపడిన కేంద్రకానికీ వదులు కేంద్రకానికీ ఆమ్లంలో ఉంచవలసిన సమయం ఒకటి కాదు, ఇది చాలామంది పట్టించుకోరు. హిస్టోన్లు పోవడాన్ని కంటితో చూడాలనుకుంటే, ముందుగా డీఎన్ఏను తొలగించి, క్షార ద్రావణంలో హిస్టోన్లకు పట్టే ఫాస్ట్ గ్రీన్ రంగు వేసి చూడండి.

జవాబు: రొయ్యల హేచరీ ఉద్యోగి, సింగరాయకొండ

అధ్యాపకులు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. శుక్రకణం అనగానే కేంద్రకం గట్టిపడి తీరాలనుకోకూడదు. మేము రోజూ చూసే వనామీ రొయ్య శుక్రకణానికి తోక ఉండదు, గుండ్రని శరీరానికి ముందు ఒకే ఒక ముల్లు ఉంటుంది. దాని కేంద్రకంలో క్రొమాటిన్ (డీఎన్ఏ, దానితో ఉండే ప్రోటీన్లు) విడివడి వదులుగానే ఉంటుంది. రొయ్యలూ కీటకాలూ రెండూ కీళ్లకాళ్ల జీవులే అయినా ఈ విషయంలో వాటి దారులు వేరు.

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థిని, కావలి

ఇద్దరికీ ధన్యవాదాలు. కేంద్రకాలు కట్టలుగా ఎందుకుంటాయి సార్? స్లైడులో ఈ దశల వరుసను ఎలా గుర్తించాలి?

జవాబు: జంతుశాస్త్ర అధ్యాపకుడు, ఒంగోలు

ఒక మాతృకణం నుంచి పుట్టిన కణాలన్నీ ఒకే తిత్తిలో, ఒకదానితో ఒకటి కణద్రవ్యపు వంతెనలతో కలిసి పెరుగుతాయి కాబట్టి దాదాపు ఒకేసారి మారతాయి. డ్రోసోఫిలాలో అలాంటి తిత్తికి 64, పట్టుపురుగులో 256 శుక్రకణాలు. పట్టుపురుగులో మరో విశేషం: కేంద్రకం ఉన్నవాటితోపాటు, ఎదిగే క్రమంలో కేంద్రకాన్ని బయటికి నెట్టేసే శుక్రకణాలు కూడా తయారవుతాయి.

వరుస కోసం పుటికను మొత్తంగా నలపకండి. మూసి ఉన్న కొన వైపు లేత దశలు, శుక్రనాళం వైపు ముదిరిన దశలు ఉంటాయి. పుటికను అడ్డంగా మూడు ముక్కలు కోసి, ఒక్కోదాన్ని వేరు స్లైడు మీద స్క్వాష్ చేసి, ఏ ముక్క ఏదో కోసిన వెంటనే స్లైడు మీద రాసుకోండి.