ఇద్దరు టీచర్ల ప్రైమరీ స్కూల్‌కి ఈ ఏడాది టార్గెట్లు ఎట్ల పెట్టుకోవాలె?

నల్గొండ_ఎస్జీటీ

అందరికీ నమస్తే. మాది నల్గొండ జిల్లాల ఒక ఎంపీపీఎస్ (మండల పరిషత్ ప్రైమరీ స్కూల్), ఒకటి నుంచి ఐదు దాకా 43 మంది పిల్లలు, టీచర్లం ఇద్దరం, ఇన్‌చార్జ్ హెచ్ఎం నేనే. స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ రాయాలె. పాత ఫైల్ తీసి చూస్తే ప్రతి సంవత్సరం అవే మాటలున్నయ్, నూరు శాతం నమోదు, నూరు శాతం హాజరు, అందరికీ చదవడం రాయడం నేర్పుట అని. ఈసారి అట్ల రాయబుద్ధి అయితలేదు, నిజంగ చేసేది, ఏప్రిల్‌ల చూసుకుంటే అయ్యిందా కాలేదా తెలిసేది రాయాలని ఉంది.

బడి తెరిచినంక మేమిద్దరం ఒక్కొక్క పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని చదివించి చూసినం. 3, 4, 5 తరగతులు కలిపి 26 మంది. అందుల 9 మంది చిన్న కథ చదివి అర్థం చెప్తున్నరు, 7 మంది సరళ పదాలు చదువుతరు గాని ఒత్తులు రాంగనే ఆగిపోతున్నరు, 6 మందికి అక్షరాలొచ్చు గుణింతాలు రావు, 4 మందికి అక్షరాలే సరిగ రావు. అప్పు తెచ్చుకునే తీసివేత 11 మందికే వచ్చింది. ఇది చూసినంక ఎక్కడ మొదలుపెట్టాలె, ఎంత టార్గెట్ పెట్టుకోవాలె అర్థమైతలేదు. పైనుంచి మాది ఇంగ్లిష్ మీడియం కూడ, తల్లిదండ్రులు అడిగేది ఇంగ్లిషే. పత్తి ఏరే టైంల సగం మంది రారు. నాలుగుల బాగ చదివేటోళ్లు గురుకులం సీటొచ్చి పోతరు, అప్పుడు మా నమోదు తగ్గిందంటరు. ఇన్నింటి మధ్యల ప్లాన్‌ల ఏం రాస్తే పని జరుగుతది, అనుభవం ఉన్నోళ్లు చెప్పండి.

రిటైర్డ్_హెచ్ఎం_వరంగల్

సార్, మీరు బేస్‌లైన్, అంటే మొదట్ల పిల్లల స్థాయి చూసుడు, చేసి లెక్కలు చేతుల పెట్టుకొని అడుగుతున్నరు, సగం పని అక్కడనే అయింది. నాకు తెలిసింది చెప్త.

ముందు చట్టం సంగతి. విద్యా హక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ ప్లాన్ రాయాల్సింది హెచ్ఎం ఒక్కడు కాదు, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. రూల్స్‌ల ఉన్నది మూడేండ్ల ప్లాన్, దాని లోపల ఏడాదికొకటి చొప్పున మూడు చిన్న ప్లాన్లు. అంటే 26 మందినీ ఈ ఒక్క ఏడాదిలనే కథ స్థాయికి తెస్తమని రాయాల్సిన ఒత్తిడి మీ మీద లేదు. మూడేండ్లకు ఎక్కడికి పోవాలెనో ముందు రాసుకోండి, అందుల ఈ ఏడాది వాటా ఎంతో తర్వాత రాయండి. ఈ సంగతి చాలా మంది హెచ్ఎంలు పట్టించుకోరు, అందుకే ప్రతి ఏడాది నూరు శాతం అని రాసి ప్రతి ఏడాది మళ్ల మొదటికే వస్తం.

రెండోది, శాతాలు వద్దు. 43 మంది ఉన్న బడిల శాతమెందుకు, పేర్లు రాయండి. అక్షరాలు రాని ఆ నలుగురు ఎవరు, వాళ్లు దసరా సెలవుల లోపల గుణింతాలతో రెండక్షరాల పదాలు చదవాలె, సంక్రాంతి వరకు సరళ వాక్యం చదవాలె. గుణింతాలు రాని ఆరుగురు దసరాకు సరళ పదాలు, సంక్రాంతికి ఒత్తులు, ఏప్రిల్‌కు నాలుగు వాక్యాల పేరా. ఒత్తుల దగ్గర ఆగే ఏడుగురు దసరాకే పేరా, సంక్రాంతికి కథ. ఈ ఏడుగురు అందరికన్న తొందరగ ముందుకొస్తరు, వాళ్లకు కొంచెం టైం ఇస్తే చాలు, కాని మనం ఎప్పుడూ వాళ్లను 'వస్తది లే' అని వదిలేస్తం. చదివే 9 మందిని కూడ ఊకె కూర్చోబెట్టొద్దు, వాళ్లకు చదివినదాని గురించి సొంతంగ ఐదు వాక్యాలు రాసుడు టార్గెట్.

మూడోది నాకు అన్నిటికన్న ముఖ్యం. టార్గెట్ రాసి టైంటేబుల్ మార్చకపోతే ఆ టార్గెట్ కాగితం మీదనే ఉంటది. తొలిమెట్టు, అంటే ప్రైమరీ పిల్లలకు చదువుడు, రాసుడు, లెక్కలు నేర్పే మన రాష్ట్ర కార్యక్రమం, 2022ల మొదలైనప్పటి నుంచి స్థాయిని బట్టి పిల్లలను గ్రూపులు చేసే పద్ధతి మీకు తెల్సిందే, కాని ఇద్దరే టీచర్లున్న బడిల అది ఎట్ల నడవాలె అన్నది ఎవరికి వాళ్లే చూసుకోవాలె. పొద్దుగాల మొదటి గంట మూడు, నాలుగు, ఐదు తరగతి గీతలు చెరిపేయండి, 26 మందిని రెండు గ్రూపులు చేయండి, అక్షరాలు గుణింతాలోళ్లు 10 మంది ఒక టీచర్ దగ్గర, పదాలు కథలోళ్లు 16 మంది ఇంకో టీచర్ దగ్గర. ఒకటి రెండు తరగతుల పిల్లలు ఆ గంట ఇద్దరిల ఒక టీచర్ కళ్ల ముందల వర్క్‌బుక్, బొమ్మలు, రాత పని చేసుకుంటరు, వాళ్లకు మళ్ల మధ్యాహ్నం భోజనానికి ముందు గంట పూర్తిగ ఇవ్వాలె. ఆ గంట మీద మాత్రం ఇంక ఏ పని పెట్టొద్దు, యాప్‌ల ఎంట్రీలు, రిపోర్టులు, ఫోన్లు అన్నీ తర్వాతనే.

బిల్డింగ్, ప్రహరీ, టాయిలెట్ ఇవన్నీ వేరే పేజీల రాయండి. అవి మన చేతుల లేనివి. 43 మందికి బడి ఖర్చుల కోసం ఏడాదికిచ్చే కాంపోజిట్ గ్రాంట్ లెక్క ప్రకారం 25,000 రూపాయలు, దాంట్ల కనీసం పదో వంతు పారిశుధ్యానికి పెట్టాలె, మిగిలింది చాక్‌పీసులు, కరెంటు బిల్లు, చిన్న రిపేర్లకే సరిపోతది. చదువు టార్గెట్ పక్కన వీటిని కలిపితే మీటింగ్ అంతా ప్రహరీ గోడ గురించే నడుస్తది.

ఆదోని_వైపు_టీచర్

పై సార్ చెప్పినవి నూటికి నూరు పాళ్లు నిజం, కానీ నేను ఒక్క దగ్గర ఒప్పుకోను. ముందు చదువు టార్గెట్ కాదు, ముందు హాజరు టార్గెట్. మా కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో దీపావళి దాటితే ఊళ్లు సగం ఖాళీ అవుతాయి, గుంటూరు వైపు పత్తికి, తర్వాత మిరపకాయ కోతలకి పోతారు, మళ్లీ ఉగాదికి వస్తారు. ఇక్కడ ఉన్నప్పుడు ఎంత బాగా నేర్పినా నాలుగు నెలలు పోయొస్తే పిల్లోడు మళ్లీ గుణింతాల దగ్గరికే వస్తాడు.

అందుకే మీ ప్లాన్‌లో క్యాలెండర్ ముందు గీయండి. చట్టం ప్రకారం ప్రైమరీకి 200 పని దినాలు, 800 గంటలు. అది బడికి లెక్క, పిల్లోడికి కాదు. మీ హాజరు పట్టీ పోయినేడాదిది తీసి ఒక్కో పిల్లోడు నిజంగా ఎన్ని రోజులు వచ్చాడో, ఏ నెలలో తగ్గాడో రాసుకోండి. మొత్తం బడి సగటు హాజరు చూస్తే ఏమీ తెలీదు, సగటులో ఆ పదిమంది మాయమైపోతారు. పత్తి టైంలో రానివాళ్ల పేర్లు మీకు జూన్‌లోనే తెలుస్తాయి కాబట్టి వాళ్లకి ఇవ్వాల్సిన చదువు దసరాలోపే ఎక్కువ మోతాదులో ఇచ్చేయాలి, వాళ్లు వెళ్లొచ్చాక మళ్లీ ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ముందే రాసిపెట్టుకోవాలి.

ఇంకోటి, పిల్లలు ఎందుకు రావట్లేదో రకరకాలుగా ఉంటుంది, అందర్నీ ఒకే గాటన కట్టకండి. కొందరు తల్లిదండ్రులతో వలస పోతారు, వాళ్లకి మా దగ్గర సీజనల్ హాస్టళ్లు పెడతారు, పిల్లలు ఊళ్లోనే బడిలో ఉండి తిని చదువుకుంటారు, ఆ సీట్లు ముందే అడగాలి. కొందరు ఊళ్లోనే ఉండి చేనుకి పోతారు. కొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, చంటి తమ్ముణ్ణి చెల్లిని చూసుకోవడానికి ఇంట్లో ఉంటారు. ఈ మూడోవాళ్లకి అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడితే చాలావరకు తీరిపోతుంది, చిన్నదాన్ని అంగన్‌వాడీలో వదిలి పెద్దది బడికి వస్తుంది. 'హాజరు పెంచుట' అని రాస్తే ఏం చేయాలో ఎవరికీ తెలీదు, 'ఈ ఐదుగురు ఆడపిల్లల చంటిపిల్లల్ని అంగన్‌వాడీలో చేర్పించడం' అని రాస్తే రేపు పొద్దున వెళ్లి చేయొచ్చు.

బడి_కమిటీ_అమ్మ

నేను టీచర్ని కాదండి, మా ఊరి బడి కమిటీలో తల్లిని. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి అని రూల్ ఉందని మాకు చెప్తారు, కానీ మీటింగ్ పగలు పదకొండింటికి పెడతారు, కూలికి పోయేవాళ్లం ఎట్లా వస్తాం? ఆ రోజు కూలి పోతుంది. మీరు సాయంత్రం ఆరింటి తర్వాత పెట్టండి, గుడి దగ్గరో బడి వరండాలోనో, అందరం వస్తాం.

మాకు ఎఫ్ఎల్ఎన్ (చదవడం, లెక్కల పునాది), శాతం, గ్రేడు అని చెప్తే తలూపి వచ్చేస్తాం. మా పిల్లతో మా ముందు ఒక పేజీ చదివించండి, అప్పుడు తెలుస్తుంది మాకు. చదవలేకపోతే మాకు బాధ అనిపిస్తుంది కానీ ఇంటి దగ్గర రోజూ అడుగుతాం, ఏదీ ఈరోజు ఏం చదివావు అని. నాకు చదువు రాదు, అయినా పిల్ల ఆగకుండా చదువుతుందా ఆగి ఆగి చదువుతుందా చెవితో వింటే తెలుస్తుంది కదా.

ఒక్క మాట, స్థాయిల ప్రకారం పేర్లు రాసి గోడకి మాత్రం అంటించకండి. వెనకబడిన పిల్లల పేరు అందరూ చూస్తారు, తోటి పిల్లలు ఏడిపిస్తారు, ఆ పిల్ల బడికి రానంటుంది. మీ నోట్‌బుక్‌లో రాసుకోండి, ఆ పిల్ల తల్లికి విడిగా చెప్పండి.

డాలస్_నాన్న

మేముండేది టెక్సాస్‌లో, పిల్లలు ఇక్కడ పబ్లిక్ ఎలిమెంటరీ స్కూల్‌లో చదువుతున్నారు. ఇక్కడ రాష్ట్ర చట్టం ప్రకారం ప్రతి స్కూల్ ఏటా ఒక క్యాంపస్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ రాసుకోవాలి, దాని కమిటీలో టీచర్లతో పాటు పేరెంట్స్, ఊరివాళ్లు కూడా ఉంటారు. డబ్బులు, స్టాఫ్ వీటిలో మన ఊరి బడికీ దీనికీ పోలిక లేదు, అది నాకు తెలుసు, కానీ ఒక పద్ధతి తీసుకోవచ్చు అనిపించింది. ప్రతి లక్ష్యం పక్కన ఆ పని ఎవరిది, దానికి ఏం కావాలి, ఎప్పటిలోగా అని రాస్తారు, ఏడాది మధ్యలో ఆగి ఎంతవరకు వచ్చింది చూసుకుంటారు. మధ్యలో చూసినప్పుడు పద్ధతి పనిచేయట్లేదని తెలిస్తే పద్ధతి మార్చుకోవచ్చు, చివర్లో తెలిస్తే ఏడాది అయిపోయినట్టే. మీకు ఇద్దరే టీచర్లు కాబట్టి 'ఎవరిది' అన్న గడి నింపడం ఇంకా ముఖ్యం, లేకపోతే ఇద్దరూ రెండోవాళ్లు చూస్తున్నారులే అనుకుంటారు.

నల్గొండ_ఎస్జీటీ

అందరికీ మస్తు థ్యాంక్స్, ఇంత వివరంగ చెప్తరనుకోలే. మా మేడమ్‌తోటి కూర్చొని ఇవి చదివిన, ఇట్ల అనుకున్నం. ఒకటి, 26 మందికి పేరు పేరున మూడు మైలురాళ్లు, దసరా, సంక్రాంతి, ఏప్రిల్. గుణింతాల గ్రూప్ మేడమ్‌ది, పదాలు కథల గ్రూప్ నాది. రెండు, పోయినేడాది హాజరు పట్టీల పత్తి నెలల్ల తగ్గిన పిల్లలను గుర్తుపట్టి వాళ్ల ఇండ్లకు సెప్టెంబర్‌లనే పోవుడు. మూడు, ఒకటి రెండు తరగతుల 17 మంది, వీళ్లు మూడుకు వచ్చేసరికి మళ్ల ఇదే లిస్టు తయారు కావద్దు, అందుకే వీళ్ల టార్గెట్ వేరేగ. కమిటీ మీటింగ్ సాయంత్రం పెడుతున్నం, పిల్లలతోటి చదివిస్తం, పేర్లు గోడకు పెట్టం.

ఇంక రెండు డౌట్లు. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్‌ల మూడో తరగతికి నిమిషానికి 60 పదాలని ఉంది, అది పెట్టుకోవాల్నా? ఇంగ్లిష్ సంగతి, గురుకులం సంగతి ఏం చేయాలె?

రిటైర్డ్_హెచ్ఎం_వరంగల్

సార్, 60 పదాల లెక్క మీ 26 మందికి ఇప్పుడే వద్దు. తెలుగుల కొన్ని పదాలు ఒక్కోటే ఆరేడు అక్షరాలుంటయ్, వేరే భాష పదాలతోటి పోల్చలేం, కేంద్రం విద్యా సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ కూడ 2022ల మూడో తరగతి సర్వే చేసినప్పుడు భాషకొక బెంచ్‌మార్క్ వేరేగ పెట్టింది. మీరు వాచీ పట్టుకుంటే పిల్లలు అర్థం వదిలేసి ఉరుకుతరు. ఆగకుండ చదివి, అడిగిన రెండు ప్రశ్నలకు సొంత మాటల్ల జవాబు చెప్తే చాలు. ఒకటి రెండు తరగతులకు మాత్రం నిపుణ్ లెక్కల టార్గెట్లు పనికొస్తయ్, ఒకటిల 99 వరకు, రెండుల 999 వరకు అంకెలు, అవి మీకు అందుబాటుల ఉన్నవే.

ఇంగ్లిష్‌కు ఈ ఏడాది మాట్లాడుడు, వినుడు టార్గెట్ పెట్టండి, రోజు ఇరవై నిమిషాలు చాలు. తెలుగు చదువుడు కుదిరిన పిల్లలకు ఇంగ్లిష్ చదువుడు తొందరగ వస్తది, వాళ్లతోని ఈ ఏడాదే మొదలుపెట్టండి, మీ పుస్తకాలు రెండు భాషల్ల ఉన్నయ్ కాబట్టి ఎడమ పేజీ కుడి పేజీ పక్కపక్కన పెట్టి చదివించొచ్చు. తల్లిదండ్రులకు కూడ మీటింగ్‌ల ఇదే చూపెట్టండి.

గురుకులం సీటొచ్చి పోయిన పిల్లలను నమోదు తగ్గిన లెక్కల కలపకండి, ప్లాన్‌ల వేరే వరుస పెట్టి 'గురుకులానికి వెళ్లినవారు' అని రాయండి, టీసీ రిజిస్టర్ జిరాక్స్ జతచేయండి. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరొచ్చినా అది చూపెడితే ఇంక అడగరు. నాలుగో తరగతిల ఆ పరీక్ష రాసేటోళ్లకు సాయంత్రం వేరే టైం ఇవ్వండి, పొద్దుగాల గంట మాత్రం ముట్టొద్దు. మీటింగ్ అయినంక ఎట్లయిందో ఇక్కడ రాయండి సార్.