పాత కీ గడియారం ఉన్నట్టుండి వేగంగా నడుస్తోంది: డీమాగ్నెటైజ్ చేస్తే (అయస్కాంతత్వం తీసేస్తే) సరిపోతుందా?

పాత మెకానికల్ చేతి గడియారాల సేకరణలో నేను కొత్తవాడిని కనుక అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను. నా దగ్గరున్నది రోజూ కీ ఇవ్వవలసిన 17 రాళ్ల (లోపలి ఇరుసుల అరుగుదలను తగ్గించే చిన్న రత్నాల) గడియారం. గంటకు 18,000 బీట్లు, అంటే సెకనుకు ఐదు టిక్కులు. మొదటి వారమంతా రోజుకు అర నిమిషానికి మించి తేడా చూపని ఈ గడియారం, ఒక రాత్రి పెద్ద స్పీకరు మీద పెట్టి మరచిపోయినప్పటి నుంచి రోజుకు దాదాపు 20 నిమిషాలు ముందుకు పోతోంది. దిక్సూచి దగ్గరకు తెస్తే దాని ముల్లు టిక్కుటిక్కుకూ వణుకుతోంది. హెయిర్‌స్ప్రింగ్ (గడియారం వేగాన్ని నియంత్రించే సన్నని చుట్ల స్ప్రింగు) చుట్లు అయస్కాంత ప్రభావంతో ఒకదానికొకటి అంటుకుని, స్ప్రింగు పనిచేసే పొడవు తగ్గిపోయిందని నా అనుమానం. అయితే చుట్లకు నూనె అంటినా ఇదే లక్షణం కనిపిస్తుంది కదా. మూత తెరవకుండా ఈ రెండింటినీ వేరు చేసే మార్గం ఉందా? మూత మూసి ఉండగానే చిన్న డీమాగ్నెటైజరు వాడవచ్చా?

ఇంకొక సందేహం. అంకెల మీది పూత గోధుమ రంగుకు తిరిగింది, ముళ్లు చాలాకాలం ఆగిన చోట డయలు మీద వాటి నీడలాంటి మచ్చ పడింది. కనుక అది చీకటిలో వెలగడానికి పూర్వం వాడిన రేడియోధార్మిక రేడియం పూతే కావచ్చు. చీకటిలో వెలగకపోవడం నాకు ధైర్యం ఇవ్వడం లేదు, ఎందుకంటే పూతలో వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ పాడైనా, 1,600 ఏళ్ల అర్ధాయువున్న రేడియం అలాగే ఉంటుంది. డయలును శుభ్రం చేయించే ఉద్దేశం నాకు లేదు. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు పనివారికి ఏయే జాగ్రత్తలు ముందుగా చెప్పాలి?