గోథిక్ కథకు పాత బంగళా, తుఫాను రాత్రి సరిపోతాయా?

ప్రశ్న (భీమిలి పాఠకుడు):
నమస్కారమండీ. భీమునిపట్నంలోని డచ్చి సమాధుల సమీపాన ఉన్నట్లుగా ఒక పాత బంగళాను ఊహించుకొని తెలుగులో గోథిక్ కథ (పాత భవనాలు, గతకాలపు రహస్యాల చుట్టూ భయాన్ని అల్లే కథ) రాస్తున్నాను. పెచ్చులూడిన గోడలు, తుఫాను రాత్రి, మేడ మీద అడుగుల చప్పుడు అన్నీ ఉన్నా, చదివిన మిత్రులు మామూలు దెయ్యం కథలాగే ఉందంటున్నారు. ఈ రెండింటినీ వేరు చేసే శిల్పం ఏమిటో విశాఖలోని సాహిత్య విద్యార్థులు, అధ్యాపకులు ఎవరైనా వివరించగలరా?

సమాధానం (ఆంగ్ల సాహిత్య విద్యార్థిని):
మీరు చెప్పినవన్నీ సామగ్రి మాత్రమేనండీ. కథను నడిపించవలసింది ఆ ఇంటి గతం. ఆంగ్ల రచయిత హొరేస్ వాల్‌పోల్ 1764లో 'ఒట్రాంటో కోట' నవలతో ఈ సంప్రదాయానికి నాంది పలికినప్పుడే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. తాత తన యజమానికి విషం పెట్టి కోటను కాజేస్తే, ఆ పాపం మనవడైన మాన్‌ఫ్రెడ్ కాలంలో పండుతుంది. అతని కొడుకు పెళ్లినాడే ఒక బ్రహ్మాండమైన శిరస్త్రాణం కింద నలిగి చనిపోతాడు. అక్కడి అద్భుతాలన్నీ అసలు వారసుడి హక్కును గుర్తు చేయడానికే వస్తాయి. అందుకే మీ బంగళా ఎవరి చేతుల్లోంచి ఎలా చేతులు మారిందో, దస్తావేజుల్లోకి ఎక్కని అన్యాయం ఏమిటో ముందుగా నిర్ణయించుకోండి. అడుగుల చప్పుడు ఎవరిదన్నది ఆ తరువాతి మాట.

సమాధానం (విశ్రాంత అధ్యాపకుడు):
అమ్మాయి చెప్పినది నిజం. తుఫాను గురించి ఒక మాట చేర్చాలి. మన తీరంలో అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు మామూలే కనుక, గాలివాన ఒక్కటే ఇక్కడి పాఠకుణ్ణి భయపెట్టదు. అది పాత్ర మనఃస్థితితో ముడిపడాలి. అమెరికన్ రచయిత ఎడ్గార్ అలెన్ పో 1839 నాటి అషర్ వంశపు కథలో ఇంటి గోడ మీది సన్నని బీట, ఆ వంశపు పతనం కలిసే సాగుతాయి. ఉప్పుగాలికి తుప్పుపట్టిన కిటికీ ఊచలు మీకు అటువంటి పని చేసిపెట్టగలవు. ఇక దెయ్యాన్ని చూపించడానికి తొందరపడకండి. ఆంగ్ల గోథిక్ నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ మరణానంతరం 1826లో అచ్చయిన వ్యాసంలో, రాబోయేదాన్ని గురించిన భయం మనసును విశాలం చేస్తుందని, కళ్లెదుటి బీభత్సం దాన్ని గడ్డకట్టిస్తుందని వివరించారు.

సమాధానం (మరొక పాఠకురాలు):
కథ ఎవరు చెబుతున్నారన్నది కూడా చూసుకోండి. 1897 నాటి రక్తపిశాచి నవల 'డ్రాక్యులా' మొత్తం డైరీలు, ఉత్తరాలు, తంతివార్తలు, పత్రికల కత్తిరింపులతో నడుస్తుంది. ఒక్కొక్కరికి కొంతే తెలుసు కాబట్టి, అవన్నీ ఒకచోట చేరేదాకా ప్రమాదం ఎంతటిదో పాత్రలకే అంతుపట్టదు. మీ కథను అన్నీ తెలిసిన కథకుడు చెబుతుంటే, ముందుగా దాన్ని మార్చి చూడమంటాను.