సర్పి నొప్పికి గాబాపెంటిన్ బదులు అమెరికా ‘ప్రోడ్రగ్’ మాత్ర తెప్పించుకోవచ్చా?

పర్లాకిమిడి కోడలు:
అందరికీ నమస్కారం. మా అత్తగారికి వానాకాలంలో కుడి పక్కటెముకల మీద సర్పి వచ్చింది. మంత్రం వేయించుకున్నారు, డాక్టరు గారు రాసిన వాలాసైక్లోవిర్ కూడా వాడారు. పొక్కులు మానాయి గానీ మంట పోలేదు. చీర చెంగు తగిలినా ఉలిక్కిపడతారు. ఇప్పుడు గాబాపెంటిన్ 300 మూడు పూటలా రాశారు. మధ్యాహ్నం మాత్రకి తూగొస్తోందని ఒక్కోరోజు కావాలనే ఎగ్గొడుతున్నారు.

అమెరికాలో ఉన్న మా మరిది “దీనికే ప్రోడ్రగ్, అంటే ఒంట్లోకి వెళ్ళాక అసలు మందుగా మారే మాత్ర, వచ్చింది వదినా, గాబాపెంటిన్ ఎనాకార్బిల్. రోజుకొకటి చాలు, పాతది మానిపించెయ్, నేను పంపిస్తా” అంటున్నాడు. ఇక్కడా, ఏరు దాటి పాతపట్నంలోనూ మందుల షాపుల్లో అడిగాను, ఆ పేరే వినలేదన్నారు. అది నిజంగా మెరుగైనదా, లేక పాత మందుకే కొత్త పేరా?

కాశీనగర్ బాబు:
కంపెనీల మాయ అక్కా. పేటెంట్ అయిపోగానే పాత మందుకి ఒక తోక తగిలించి కొత్త రేటు పెడతారు. మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(డి) పెట్టింది ఇలాంటివాళ్ళ కోసమే.

రాయగడ రిటైర్డ్ ఎం.ఆర్.:
తమ్ముడు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. తెలిసిన మందుకి ఎస్టరు చేసి, అంటే దాని అణువుకి ఇంకో రసాయనం తగిలించి తెచ్చినా, గుణంలో చెప్పుకోదగ్గ తేడా చూపించకపోతే 3(డి) దాన్ని పాత పదార్థంగానే లెక్కవేస్తుంది. కానీ ప్రతి తోకా మాయ కాదు.

అమ్మా, మీ అత్తగారు ఇప్పటికే ఒక ప్రోడ్రగ్ వాడేశారు. వాలాసైక్లోవిర్ అంటే ఎసైక్లోవిర్‌కి వాలీన్ అనే అమైనో ఆమ్లం తగిలించినదే. లోపలికి వెళ్ళాక వాలీన్ ఊడిపోయి ఎసైక్లోవిర్ మిగులుతుంది. ఉత్త ఎసైక్లోవిర్ మింగితే రక్తంలోకి చేరేది 10 నుంచి 20 శాతం. ఇలా పంపిస్తే 54 శాతం దాకా చేరుతుంది. సర్పికి రోజుకి ఐదుసార్లు మింగాల్సింది మూడుసార్లకి దిగింది అందువల్లే. నేను మందుల కంపెనీ ప్రతినిధిగా బ్యాగు పట్టుకొని గుణుపూర్, రాయగడ తిరిగేటప్పుడు, ఐదుసార్లు అని రాసే డాక్టర్లకే పేషెంటు వేసుకుంటాడని నమ్మకం ఉండేది కాదు. పొద్దున్నే పోడు మీదకి వెళ్ళేవాడు గంటలు చూసుకుని ఎక్కడ మింగుతాడు?

ఇక గాబాపెంటిన్ సంగతి. పేగు పైభాగంలో దాన్ని లోపలికి తీసుకునే గేటు ఇరుకు. డోసు పెంచేకొద్దీ అక్కడే ఆగిపోతుంది. రోజుకి 900 మిల్లీగ్రాములు మూడు పూటలుగా వేసుకుంటే 60 శాతం వరకు వెళుతుంది, 2400 అయితే 34 శాతమే. కాలిఫోర్నియాలో శాంటా క్లారాలోని జెనోపోర్ట్ అనే కంపెనీ ఈ ఇబ్బంది పట్టుకుంది. వాళ్ళ పని కొత్త మందు కనిపెట్టడం కాదు, ఉన్న మందుకి పేగు పొడవునా దొరికే వేరే దారులు చూపించడం. అలా వచ్చిందే మీ మరిది చెప్పిన ఎనాకార్బిల్. ఎలుకల్లో క్లోమం కణితులు కనిపించాయని 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. 2011లో కాళ్ళు నిలవనివ్వని జబ్బుకి, అదే ‘రెస్ట్‌లెస్ లెగ్స్’కి, 2012లో సర్పి తర్వాతి నొప్పికి అనుమతి ఇచ్చింది. కండరాల బిగుతుకి వాడే బాక్లోఫెన్‌కీ ఇలాగే చేయబోయారు, 2013లో పెద్ద పరీక్షలో దెబ్బతింది. చివరికి 2016లో ఆ కంపెనీనే ఇంకొకరు కొనేశారు. తోక తగిలించినంత మాత్రాన డబ్బులు రాలవు తమ్ముడూ.

మీ మరిది చెప్పినదాంట్లో ఒక మెలిక ఉంది. రోజుకొకటి అన్నది కాళ్ళ జబ్బుకి, సాయంత్రం ఐదింటికి తిండితో. సర్పి నొప్పికి మొదటి మూడు రోజులు పొద్దున ఒకటి, తర్వాత రోజుకి రెండు, ఒక్కోటి 600. అంటే మీకు మిగిలేది ఒక్క పూట. పైగా రక్తంలో చివరికి తిరిగేది గాబాపెంటినే కాబట్టి తూగు పోతుందని నేను అనుకోను. మీ అత్తగారి డోసు 900 దగ్గరే ఉంది, గేటు దగ్గర అంత రద్దీ కూడా లేదు. ఆమె కోసం సముద్రాలు దాటించి తెప్పించాల్సిన మందు కాదని నా అభిప్రాయం.

గుణుపూర్ ఫార్మసిస్ట్:
ఎం.ఆర్. గారు చెప్పింది సరైనదే. ఒకటి కలుపుతాను. ఈ రెండు మాత్రలూ మిల్లీగ్రాముకి మిల్లీగ్రాము లెక్కన మార్చుకునేవి కావు, ఇంట్లో అలా మార్చకండి. ఉన్నది ఒక్కసారిగా ఆపనూ కూడదు. ఈ మందు బయటికి పోయేది కిడ్నీల ద్వారానే, వయసు మళ్ళినవాళ్ళకి తూగు ఎక్కువగా ఉంటే నేను మొదట అడిగేది కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టే. చేయించారా? గ్యాస్‌కి ఏమైనా తాగుతున్నారా? అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న సిరప్ తాగితే రెండు గంటలు ఆగి గాబాపెంటిన్ వేసుకోవాలి, లేకపోతే అందులో ఐదో వంతు ఒంటికి అందదు.

పర్లాకిమిడి కోడలు:
క్రియాటినిన్ ఎప్పుడూ చేయించలేదండీ. గులాబీ రంగు సిరప్ మాత్రం భోజనం కాగానే రెండు మూతలు తాగి, అదే నీళ్ళతో ఈ మాత్ర కూడా మింగేస్తారు. సీసా మీద చూస్తే మీరు చెప్పిన రెండూ ఉన్నాయి. సోమవారం టెస్టు చేయించి, మధ్యాహ్నం డోసు తగ్గించి రాత్రికి జరపొచ్చా అని డాక్టరు గారినే అడుగుతాను. పార్సిల్ వద్దని మరిదికి మెసేజ్ పెట్టాను. “ఎవరో ఎం.ఆర్. మాట వింటావా, నా మాట వింటావా” అని అలిగాడు.