విజయనగరం ఉక్కలో చించిల్లా: తెచ్చుకోవచ్చా, వద్దనాలా?

కోటగుమ్మం:
మా అక్కావాళ్లు బెంగళూరులో ఉంటారు. జనవరిలో బావకు విదేశంలో ఉద్యోగం, కుటుంబమంతా వెళ్లిపోతోంది. వాళ్లింట్లో ఆరేళ్ల మగ చించిల్లా ఒకటి ఉంది. ఉడుత తోక, ఎలుక చెవులు, కుందేలు మెత్తదనం కలిపినట్టుండే బూడిదరంగు జంతువు. బరువు 540 గ్రాములు. సాయంత్రమయ్యేసరికి పొడిలో పొర్లి ఒళ్లంతా బూడిద చేసుకుంటుందని మా మేనకోడలు దానికి విభూతి అని పేరు పెట్టింది. ఇప్పుడా విభూతిని నన్ను తెచ్చుకోమంటున్నారు.

మాది విజయనగరంలో కోట దగ్గర మేడమీది ఇల్లు. నెత్తిన డాబా. ఏసీ ఒక్క పడకగదిలోనే ఉంది. "ఏసీ ఉంటే చాలు, తిండి సంగతి నేను రాసిస్తాను" అంటుంది అక్క. "చలిదేశపు ప్రాణిని తెచ్చి మన ఉక్కలో చంపకు, ఆ పాపం నాకొద్దు" అంటుంది అమ్మ. జబ్బు పడకుండా దీన్ని మన ఊళ్లో నిజంగా చూసుకోగలమా, లేక బెంగళూరులోనే మరో ఇల్లు వెతకమనాలా? మొహమాటం లేకుండా చెప్పండి.

నాగావళి గట్టు:
మరో ఇల్లు వెతకమనండి. మొహమాటం వద్దన్నారు కాబట్టి సూటిగానే చెబుతున్నాను.

ఇది చిలీలోని ఆండీస్ కొండల జంతువు. అక్కడి గాలి చల్లన, పైగా పొడి. ఆ చలికి తగ్గట్టుగా, మనకు ఒక్క వెంట్రుక మొలిచే చోట దీనికి యాభై అరవై మొలుస్తాయి. చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటికి పోవడానికి ప్రధానంగా ఆ పెద్ద చెవులే దారి. పాతిక డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, ముప్ఫై చేరితే ప్రాణం మీదికి వస్తుంది. దానికి తేమ తోడు. పెంచేవాళ్లు ఒక లెక్క చెప్పుకుంటారు: ఫారన్‌హీట్‌లో ఉష్ణోగ్రతను, గాలిలోని తేమ శాతాన్ని కూడితే 150 దాటకూడదు. మా శ్రీకాకుళంలో మే నెల రాత్రి తొమ్మిదింటికి ఆ కూడిక చేసి చూడండి. మనుషులమే తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చునే రాత్రులవి.

ఏసీ మీద బతికే ప్రాణి ఏసీ ఆగిన పూట ఏమవుతుంది? ముందు దానికి జవాబు చెప్పుకుని, తర్వాత మిగతా జబ్బుల మాట ఎత్తుకుందాం.

టెక్కలి రాయి:
నేనూ శ్రీకాకుళంలోనే ఉంటాను. నాలుగేళ్లుగా ఒక ఆడ చించిల్లాను పెంచుతున్నాను, కాబట్టి జవాబు నేను చెబుతాను. ఉత్తరం వైపు గది, మందపాటి తెరలు, 23 దగ్గర ఏసీ. పంజరంలో టెక్కలి నీలి గ్రానైటు పలక. వంటింటి గట్టుకు తెప్పించినదాంట్లో మిగిలిన ముక్క అది. ఎండాకాలంలో మా పిల్ల దాని మీదే పొట్ట ఆనించి పడుకుంటుంది. కరెంటు పోతే ఫ్యాను పెట్టి లాభం లేదు, చెమట లేని ఒంటికి గాలి తగిలినంత మాత్రాన చల్లబడదు. గడ్డకట్టించిన నీళ్ల సీసాలు ఎప్పుడూ ఫ్రిజ్‌లో నాలుగు ఉంటాయి. గుడ్డ చుట్టి పంజరం పక్కన పెడతాను. చెవులు ఎర్రబడటం, పక్కకు ఒరిగి పడుకోవడం, నోటి నుంచి చొంగ, వేగంగా ఊపిరి: ఈ నాలుగింటిలో ఏది కనిపించినా చల్లని చోటికి మార్చి నెమ్మదిగా చల్లబరచాలి, వైద్యుడికి ఫోను చేయాలి. మంచునీళ్లలో మాత్రం ముంచకూడదు.

ఇంతవరకు మా పిల్లకు వడదెబ్బ తగల్లేదు. చావు అంచుదాకా వెళ్లింది ఒక్కసారే. అదీ సంక్రాంతికి, ఇల్లంతా చల్లగా ఉన్న రోజున. ఉద్దానం నుంచి వచ్చిన చుట్టాలు ముద్దుకొద్దీ జీడిపప్పు, ఎండుద్రాక్ష పెట్టారు. "రెండు పలుకులే కదా" అన్నారు. రెండు కాదని తర్వాత తెలిసింది. మర్నాటికి పెంటికలు ఆగిపోయాయి, వీపు గూనిలా పెట్టుకుని ఒక మూల కూర్చుంది. దీనికి వాంతి చేసుకునే శక్తి లేదు. పేగులు ఒకసారి నిలిచిపోతే లోపల గాలి పట్టేసి పొట్ట ఉబ్బుతుంది. విశాఖపట్నం తీసుకెళ్లి, మూడు రోజులు గడ్డిపొడి కలిపిన ముద్దను సిరంజితో పట్టిస్తే బతికింది.

అందుకే అడుగుతున్నాను, వేడి ఒక్కటే శత్రువైనట్టు ఎందుకు మాట్లాడతారు? వేడిని కొలవడానికి వంద రూపాయల చిల్లర పరికరాలు ఉన్నాయి. తిండిని కొలిచే పరికరం లేదు, ఇంట్లోవాళ్ల చేతులు కట్టేయాలి. రోజూ ఎంత తింటే అంత ఎండు తిమోతి గడ్డి (చలిదేశాల్లో పండే మేతగడ్డి), గడ్డితో చేసిన మేత గుళికలు ఒకటి రెండు చెంచాలు, మంచినీళ్లు, అంతే. పండు, గింజ, బిస్కెట్టు వద్దు. మన ఊళ్లో ఈ నియమం పాటించడం ఏసీ బిల్లు కట్టడం కంటే కష్టం.

ఇంకొక మాట. ఇప్పుడు ఇళ్లలో ఉన్నవాటిలో చాలావరకు, 1923లో మాథియస్ చాప్‌మన్ అనే గని ఇంజనీరు చిలీ నుంచి కాలిఫోర్నియా తీసుకెళ్లిన పదకొండింటి సంతానం. వందేళ్లుగా మనుషుల మధ్య పుట్టి పెరిగినవి. కొండకు పంపేయడానికి అది వాటి ఊరు కాదు.

నాగావళి గట్టు:
చాప్‌మన్ వాటిని తీసుకెళ్లింది బొచ్చు తోలు కోసం. వందేళ్లు ఏరి ఏరి పెంచింది బొచ్చు ఇంకా ఒత్తుగా రావడానికే గానీ, వేడి తట్టుకోవడానికి కాదు. మీ వాదన నా వైపే పడింది.

పాత పొలం:
చదువుతుంటే సరదాగా ఉంది. నేను చీపురుపల్లి దగ్గర వ్యవసాయం చేసి మానేసిన వాణ్ని. ఇంత బాధ ఎందుకు బాబూ? గడ్డి తినే జంతువే కదా, మన వరిగడ్డి వేయండి. పొర్లడానికి నాగావళి ఇసుక. మరీ మురికి అయితే వేసవిలో ఒక చెంబు నీళ్లు పోయండి, చల్లగానూ ఉంటుంది. తోడుకు పెరట్లో జీడికొమ్మ ఒకటి విరిచి వేస్తే కొరుక్కుంటూ కూర్చుంటుంది.

టెక్కలి రాయి:
పెద్దవారు, కోపం తెచ్చుకోకండి. మీరు చెప్పిన నాలుగూ దానికి నాలుగు జబ్బులు.

వరిగడ్డిలో పోషణ తక్కువ, గరుకు ఎక్కువ. దాన్నే నమ్ముకుంటే చిక్కిపోతుంది. ఏటి ఇసుక ముతక, బొచ్చు విరుగుతుంది. కావాల్సింది అగ్నిపర్వతపు బూడిదలాంటి మెత్తని పొడి. వారానికి మూడు నాలుగుసార్లు, పది పదిహేను నిమిషాలు పెట్టి తీసేయాలి. రోజంతా ఉంచితే కళ్లు మండి పుసులు కడతాయి. మన తేమకు ఆ పొడి కూడా ముద్దకడుతుంది, మూత బిగించి దాచాలి. ఇక నీళ్లు పోస్తే, అంత ఒత్తు బొచ్చు లోపల ఎప్పటికి ఆరుతుంది? తడి నిలిచిన చోట తామర పడుతుంది, అది మనకూ అంటుతుంది. జీడి సంగతి మీకు నేను చెప్పాలా, తొక్కలోని నూనె తగిలితే చేతులు ఎలా పొక్కుతాయో మీకే తెలుసు. కొరకడానికి మందు కొట్టని జామకొమ్మ ఎండబెట్టి వేస్తాను.

పాత పొలం:
కోపమెందుకు, నేర్చుకుంటున్నాను. గరిక ఎండబెట్టి వేస్తే?

టెక్కలి రాయి:
అది నేనూ చేస్తాను, తిమోతికి తోడుగా. మందు పడని గట్టు మీద కోయాలి, నీడన పూర్తిగా ఆరాలి. కొంచెం బూజు వాసన వచ్చినా పారేయాలి. శ్రావణ భాద్రపదాల్లో మాత్రం ఆ ప్రయత్నం పెట్టుకోను.

మూడో ఏడు:
పశువైద్యం చదువుతున్నాను. మాకు ఎక్కువగా చెప్పేది ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్లు, కుక్కల గురించి. చించిల్లాను పుస్తకంలోనే చూశాను కాబట్టి పుస్తకం మాటే చెబుతున్నాను.

మీ ఇద్దరి వాదనలో పళ్లు జారిపోయాయి. దీనికి ఇరవై పళ్లు, అన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని పక్కలకు నూరి నూరి తింటేనే అరుగుతాయి. గుళికలతో కడుపు నింపేస్తే దవడ పళ్లు అరగక పైకి ముళ్లుగా, లోపలికి వేళ్లుగా పెరుగుతాయి. గడ్డం తడిగా ఉండటం, కన్ను కారడం, మెత్తనిది ఏరుకుని తినడం కనిపించేసరికి చాలా ఆలస్యమై ఉంటుంది. కొన్నిటికి ఇది వంశంలోనే వస్తుంది, వాటిని ఎంత గడ్డి పెట్టినా ఆపలేం. ముందుపళ్లు నారింజ పసుపులో ఉంటే ఆరోగ్యం, తెల్లబడితే అనుమానించాలి. అందరూ తెల్లగా ఉంటే మంచిదనుకుంటారు.

ఇంట్లో చేయగలిగిన ఉత్తమమైన పరీక్ష వంటింటి త్రాసు. వారానికోసారి తూచి రాసుకోండి. బొచ్చు కింద చిక్కిపోవడం కంటికి కనిపించదు, అంకెలో కనిపిస్తుంది. మీది మగది కాబట్టి, మర్మాంగం చుట్టూ వెంట్రుకలు ఉంగరంలా చుట్టుకుని మూత్రం బిగుసుకునే ప్రమాదం ఉంది. నెలకోసారి ఎవరైనా చూడాలి. పంజరం అడుగు ఇనుప జాలీ అయితే కాళ్లు పుళ్లు పడతాయి, చెక్క పరవండి.

ముఖ్యమైనది చివర రాస్తున్నాను. కుక్కకో పిల్లకో మిగిలిన అమోక్సిసిలిన్ చుక్కలు దీని నోట్లో వేయకండి. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు, క్లిండమైసిన్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను తుడిచిపెట్టి దీన్ని చంపగలవు. తేవడానికి ముందే చిన్న జంతువులను చూసే వైద్యుణ్ని ఒకరిని వెతికిపెట్టుకోండి. మా గరివిడి కళాశాలలో అడిగితే ఎవరి దగ్గరకు వెళ్లాలో చెప్పగలరు.

ఉద్దానం కొబ్బరి:
చుట్టాల మీద నింద వేశారు, చదివాను. జీడిపప్పు పెట్టకుండా ఎవరినైనా పంపితే మాకు నిద్ర పట్టదు, ఏం చేస్తాం.

నాగావళి గట్టు గారి ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కరెంటు గంట పోవడం వేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు మా ఊళ్లో స్తంభాలే మిగల్లేదు. రోజుల తరబడి చీకటి. తాగునీటికి బావి దగ్గర వరుస కట్టాం. ఆ వారంలో గడ్డకట్టిన సీసాలు ఎక్కడి నుంచి తెస్తారు? 2014లో హుద్‌హుద్‌కు విజయనగరమూ అదే చూసింది. ఇంట్లో మామూలు ఇన్వర్టరు ఏసీని లాగదు. ఇవి పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతాయంటారు. అన్నేళ్లలో మన తీరానికి ఒక్క పెద్ద తుపాను రాదని పందెం కాస్తారా?

టెక్కలి రాయి:
కాయను. అప్పటికి చేసేది ఒకటే ఉంది: హెచ్చరిక రాగానే బుట్టలో పెట్టుకుని దూరంగా, కరెంటు ఉండే చోటికి వెళ్లిపోవడం. గడ్డి సంచి, వాడే పొడి, త్రాసు కలిపి ఒక మూట ఎప్పుడూ కట్టి ఉంటుంది. ఇంతవరకు రెండుసార్లు అలా కదిలాను, రెండుసార్లూ తుపాను ఒడిశా వైపు తిరిగింది. ఇంట్లో నవ్వారు. అక్టోబరు నవంబరుల్లో ఊరు కదలలేని ఉద్యోగం ఉన్నవాళ్లు దీన్ని పెంచకూడదు. ఈ ఒక్క మాట నాగావళి గట్టు గారికి ఒప్పుకుంటాను.

కోటగుమ్మం:
వారం తర్వాత వస్తున్నాను. వేడిని, తేమను కొలిచే పరికరం ఒకటి కొని పడకగదిలో పెట్టి రోజూ రాసుకున్నాను. ఏసీ లేకుండా రాత్రి పదకొండింటికి 31 డిగ్రీలు, తేమ 78. ఫారన్‌హీట్‌లో 88 కదా, కూడితే 166. ఏసీ వేసిన గంటన్నరకు 24 డిగ్రీలు, తేమ 52. ఫారన్‌హీట్‌లో 75 కాబట్టి కూడిక 127. ఈ వారంలో కరెంటు మూడుసార్లు పోయింది, ఎక్కువసేపు పోయింది యాభై నిమిషాలు. అప్పటికి గది 27కు చేరింది. డాబా వేడి అంత త్వరగా దిగుతుందని నాకే తెలియదు.

అక్కతోనూ మాట్లాడాను. బెంగళూరులో తీసుకుంటామన్న స్నేహితులు ఒకరున్నారు. అక్కడ ఏసీ పెద్దగా అక్కరలేదు. కానీ వాళ్లింట్లో నాలుగేళ్ల పిల్లాడు, ఒక పిల్లి. విభూతి గురించి అడిగిన మొదటి ప్రశ్న "స్నానం ఎప్పుడెప్పుడు చేయించాలి" అని.

నాగావళి గట్టు:
ఆ ప్రశ్నకు జవాబు పది నిమిషాల్లో నేర్పవచ్చు. వాతావరణాన్ని నేర్పలేం. పిల్లిని వేరే గదిలో ఉంచమనండి. నా మాట మారలేదు.

టెక్కలి రాయి:
నాలుగేళ్ల పిల్లాడి చేతిలో బిస్కెట్టు లేకుండా ఎవరైనా ఉంచగలరా? ఆ కొలతలు రోజూ రాసుకునే ఇల్లు నాకైతే ఎక్కువ నమ్మకం.

మూడో ఏడు:
ఇద్దరిలో ఎవరింటికి వెళ్లినా, బయలుదేరే ముందు బెంగళూరులోనే పళ్లకు ఎక్స్‌రే తీయించండి. ఆరేళ్లది కదా. అందులో పంటి వేళ్లు పెరిగి కనిపిస్తే కొన్ని వారాలకోసారి వైద్యుడి అవసరం పడవచ్చు, అప్పుడు విజయనగరం మాట వదిలేయాల్సిందే.

కోటగుమ్మం:
అలాగే. డిసెంబరులో ఎక్స్‌రే. పళ్లు బాగుంటే జనవరి చలిలో ఏసీ బోగీలో నేనే వెళ్లి తెస్తాను, లేకపోతే బెంగళూరు ఇంటికే. ఈలోగా డాబాకు సున్నం వేయించాలి, ఏసీని నడిపే చిన్న జనరేటరు అద్దెకు దొరుకుతుందో కనుక్కోవాలి. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. రాత్రంతా మేలుకుని గెంతుతుందని ఎవరో చెప్పారట. ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ గదిలో పడుకునేది తనే.

పాత పొలం:
గరిక కావాలంటే చెప్పండి బాబూ. మా గట్టు మీద మందు కొట్టి మూడేళ్లయింది.