అప్‌డేట్: కేమన్‌లో ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరిపోయింది

పోయిన నెల అడిగిన కదా, నా పోర్షే కేమన్ కారుకి బయట గ్రే ర్యాప్ (పెయింట్ మీద అంటించే ఫిల్మ్), లోపల సీట్లకి అల్కాంటారా (స్వెడ్ లాంటి మెత్తని బట్ట) చేయించినంక డ్యాష్‌బోర్డ్ మీద ఎయిర్‌బ్యాగ్ వార్నింగ్ లైట్ పోతలేదని. సెట్ అయింది, రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్ కనెక్టర్ చూడమన్న అన్న చెప్పిందే కరెక్ట్. కుట్టడానికి సీట్లు బయటికి తీసినప్పుడు కనెక్టర్ ఊడదీసి ఉండగానే ఎవరో ఇగ్నిషన్ ఆన్ చేసి బండి జరిపిండ్రంట, అప్పుడే కారు కంప్యూటర్‌లో ఫాల్ట్ కోడ్ సేవ్ అయింది, తర్వాత కనెక్టర్ పెట్టినా లైట్ పోలే. మాదాపూర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ స్కానర్‌తో కోడ్ క్లియర్ చేసిండు, 20 నిమిషాల పని. బ్యాటరీ, స్టీరింగ్, ర్యాప్ వీటికి ఈ లైట్‌తో ఏ సంబంధం లేదు.

ఒక్కటి మాత్రం తప్పకుండా చూడండి, సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటు పక్క కుట్టు చీల్చుకునే బయటికి వస్తది, అక్కడ గట్టి దారంతో కుట్టనీయొద్దు. నా సీట్ల కుట్లు విప్పించి మళ్లీ కుట్టించిన, అప్పటిదాకా అమ్మని ఎక్కించుకోలే.