ఒసిబిసా పాటలకు తాళం ఎలా వేయాలి?
ఘానా నుంచి లండన్ వెళ్లిన శాక్సఫోన్ కళాకారుడు టెడ్డీ ఒసెయ్ 1969లో పెట్టిన ఒసిబిసా బ్యాండ్‌ని ఇక్కడ ఎవరైనా వింటారా? అట్ట మీద రెక్కల ఏనుగులుండే 1971 నాటి మొదటి ఆల్బమ్ వింటున్నాను. జాజ్, హైలైఫ్ (ఘానా వాళ్ల డాన్స్ సంగీతం), రాక్ అన్నీ కలిపేశారు, అదిరిపోయింది, కానీ మృదంగం నేర్చుకున్న నాకే ఎత్తుగడ, అంటే పాట తాళంలో ఎక్కడ మొదలవుతుందో, అంతు చిక్కక పిచ్చెక్కిపోతోంది. ఒక వాయిద్యం మూడు కొట్టేలోపు ఇంకోటి రెండు కొడుతున్నట్టుంది, నేను చేత్తో నాలుగు వేస్తుంటే ట్రంపెట్ మధ్యలో ఎక్కడో అందుకుంటుంది! ఇలాంటివాటిని పన్నెండుగా లెక్కపెట్టాలా, నాలుగుగానా? ముందు గంట చప్పుడు పట్టుకోవాలా, బేస్ గిటారా? డ్రమ్స్ వాయించేవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్. వెస్టర్న్ నొటేషన్ నాకు రాదు, తకిట తకధిమి భాషలో చెప్పినా చాలు.